చెరుకింటి ఇల్లరికపుటల్లుడు

మనవాళ్ళకి కోపమొస్తే ముందుగా నోట వచ్చే మాట, "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అని. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే రెండూ ఒకటేనని చెప్పాలి. వరి గడ్డిజాతి మొక్కే. పొద్దున్నే కడుపులో పడకపోతే మా చిత్తూరు వైపు జనానికి ప్రాణం నిలవని రాగిసంగటి కూడా గడ్డిగింజల పిండే. జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న అన్నీ ఆ ఇంటివే. కాణిపాకం వినాయకుడికిచ్చే గరిక, వేసవిలో కుండనీళ్ళలో వేసుకునే వట్టివేరు, శేషాచలం అడవుల్లోని వెదురు కూడా ఆ వంశమే. పెద్ద ఉమ్మడి కుటుంబం. అలాంటి ఇళ్ళలో ఒకరు పట్టుపరుపు మీద, ఇంకొకరు పశువుల కొట్టం పక్కన ఉండటం మామూలే కదా! ఇక్కడా అంతే.

ఆ కుటుంబంలో దగ్గరి చుట్టాలైన ఇద్దరి సంగతి ఇవాళ మీతో ముచ్చటించాలని ఉంది. ఒకరు చెరుకు. పుట్టుకతోనే సిరిగల బిడ్డ. మన్మథుడికి విల్లయింది. కంచి కామాక్షి చేతికెక్కింది. శ్రీరాముడి వంశానికి మూలపురుషుడైన ఇక్ష్వాకుడి పేరులోనే 'ఇక్షు', అంటే చెరుకు ఉందంటారు. రెండోది రెల్లు. స్వర్ణముఖి ఇసుకలోనూ, చెరువుకట్టల వెనకా, పోరంబోకు నేలల్లోనూ ఎవరూ నాటకుండా, నీళ్ళు పొయ్యకుండా పెరిగే గడ్డి. దసరా రోజుల్లో తెల్లని కుచ్చులు వేసి ఊగుతుంటే రైల్లో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి "ఎంత బావుందో!" అనుకుంటారు. అది చేలోకి పాకిన రైతు మాత్రం తల పట్టుకుంటాడు. పీకితే ఊడదు. కోస్తే పగబట్టినట్టు రెట్టింపు మొలుస్తుంది. కుమారస్వామి రెల్లుపొదలో పుట్టాడన్న కథ ఒక్కటే దానికి మిగిలిన పరువు.

అయితే అమరకోశం రెల్లుకి చెప్పిన పేర్లలో 'ఇక్షుగంధ' అని ఒకటుంది. చెరుకు వాసన కలది అని అర్థం. భూతద్దం లేని కాలంలో ముక్కుతోనే చుట్టరికం పసిగట్టిన మహానుభావుడెవరో! మా ఊరి దగ్గర బెల్లం గానుగ ఆడించే పెద్దాయనతో ఈ మాట అంటే ఆయనేం ఆశ్చర్యపోలేదు. "అదీ ఇదీ ఒగ పాలోళ్ళే గదమ్మా! ఆకు జూస్తే తెలీలా?" అన్నాడు.

ఆకు చూస్తే ఏం తెలుస్తుంది? బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, నన్నడిగితే రెండూ పచ్చగా ఉంటాయనీ, రెండూ చెయ్యి కోస్తాయనీ చెప్పగలను. అదృష్టవశాత్తూ మా ఆడబిడ్డ కూతురు తిరుపతిలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. "ఇలా రా అత్తా, చూపిస్తాను" అని ఒక చెరుకు గెడా, ఒక రెల్లు కాడా ముందు పెట్టుకుని, షేవింగు బ్లేడుతో సాలెగూడంత పల్చటి పొరలు అడ్డంగా కోసింది. ఎర్రరంగు నీళ్ళలో ముంచి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు నా వైపు తిప్పింది.

వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టి గీతలు కలపడం మరిచిపోయినట్టుంది! మామిడి, వేప వంటి చెట్ల లేతకొమ్మల్లో నీటిగొట్టాలు వరసగా వలయంలా అమరి ఉంటాయట. గడ్డిజాతి కాడల్లో అలా కాదు, చుక్కలు చల్లినట్టు చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక్కో చుక్కా నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్ట. దగ్గరగా చూస్తే రెండు పెద్ద కళ్ళూ కింద ఒక నోరూ ఉన్న కోతిముఖంలా కనిపిస్తుంది. అలాంటి ముఖాలు వందలు! గెడ అంచున చిన్నచిన్నవి ఒత్తుగా గుమిగూడి, చుట్టూ గట్టి నారతో కవచం కట్టుకుని ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ పెద్దవై, దూరం దూరం జరిగాయి. చెరుకులో ఆ ఖాళీలన్నీ గుండ్రటి మెత్తటి అరలు నింపేశాయి. తీపంతా ఆ అరల్లోనే. మనం చెరుకు నమిలి ఉమ్మేసే పిప్పి చాలావరకు ఆ గొట్టాలూ నారా. మింగేది అరల్లోని నీళ్ళు.

రెల్లు కాడ పొరలో కూడా అదే ముగ్గు. అవే ముఖాలు. కానీ కాడ పెన్సిలంత సన్నం, నార ఎక్కువ, అరలు తక్కువ, నడుమ బెండులా పొడిగా ఉండి కొన్నిచోట్ల డొల్ల. ఒకే నమూనా మీద ఇద్దరన్నదమ్ములు కట్టుకున్న ఇళ్ళలా ఉన్నాయి. ఒకడు గాదెలు కట్టించాడు, ఇంకొకడు ప్రహరీగోడ కట్టించాడు.

ఆకులు చూస్తే పోలిక ఇంకా ఎక్కువ. చెరుకాకు రెండు మూడంగుళాల వెడల్పు. రెల్లాకు బాగా సన్నం. కొన్ని రెల్లు రకాల్లో మధ్య ఈనె తప్ప ఆకే లేదనిపించేంత సన్నం. మిగతావన్నీ ఒకటే. తెల్లని నడిమి ఈనె, రంపపు పళ్ళ అంచు, కాడని చీరకుచ్చిళ్ళలా చుట్టుకునే తొడుగు, ఆకూ తొడుగూ కలిసేచోట నాలుకలాంటి చిన్న పొర. ఆకు పైవైపు పెద్ద పెద్ద నీటి కణాల వరసలున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండకి వాటిలో నీరు తగ్గితే అంచులు దగ్గరికొచ్చి ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. ఎండ తగలకుండా కొంగు కప్పుకోవడమన్నమాట!

ఆకులోని ప్రతి సన్న ఈనె చుట్టూ పచ్చటి కణాలు పూలదండలా రెండు వరసలు కట్టి ఉంటాయి. వరి ఆకులో ఈ అమరిక లేదు, రాగి ఆకులో ఉంది. ఈ దండ ఉన్న గడ్డి మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని రెండంచెల్లో పట్టుకుంటాయి. అందుకే మండుటెండలో తక్కువ నీళ్ళతో ఎక్కువ ఎదుగుతాయి. చెరుకాకు చేసే ఈ చిత్రమైన పనిని 1965లో హవాయి దీవుల్లోని చెరుకు పరిశోధకులు ప్రకటించారు. ఆ ముగ్గురిలో కాన్‌స్టాన్స్ హార్ట్ అనే ఆవిడ అప్పటికి ఎన్నో ఏళ్ళుగా చెరుకాకుతోనే కాపురం చేస్తున్న మనిషి. మరుసటి ఏడు ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు దాని లెక్క తేల్చడం మొదలుపెట్టారు. పేరూ వాళ్ళకే దక్కింది.

ఇలా ఆకునీ కాడనీ పక్కపక్కన పెట్టి చుట్టరికం చదవడానికి మన దేశంలో నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. దానికి తొలి తొందర పుట్టింది తెలుగునేల మీదే. సంతోషంగా కాదు, ఏడుపుతో. 1900 ప్రాంతంలో గోదావరి డెల్టాలో చెరుకుతోటలు నిలువునా ఎండిపోవడం మొదలైంది. గెడ చీలిస్తే లోపల ఎర్రగా, నడుమ నడుమ తెల్లమచ్చలు, పులిసిన వాసన. ఎర్రకుళ్ళు తెగులు. మద్రాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు ఛార్లెస్ ఆల్ఫ్రెడ్ బార్బర్ అది చూడటానికి వచ్చాడు. 1902లో సామర్లకోటలో చెరుకు క్షేత్రం పెట్టారు. అక్కడ బార్బర్‌కి తోచిన ప్రశ్న మామూలు ఇల్లాలికి తోచేదే: ఒకే వరసలో నాటితే కొన్ని చస్తున్నాయి, కొన్ని బతుకుతున్నాయి, వీటి పుట్టుకలో తేడా ఏమిటి?

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. మరుసటి ఏడు, 1912లో, కోయంబత్తూరులో చెరుకు ప్రజనన కేంద్రం వెలిసింది. అప్పటికి మనమూ వాళ్ళూ ఒకే మద్రాసు రాజధాని. కోయంబత్తూరే ఎందుకంటే అక్కడ చెరుకు బాగా పూస్తుంది, విత్తనం కడుతుంది. చెరుకుకి విత్తనం ఉంటుందన్న సంగతే లోకానికి 1888 దాకా గట్టిగా తెలియదు. మన రైతులు ముచ్చెలు నాటడమే గాని విత్తనం చల్లడం ఎరగరు. ముచ్చె నాటితే తల్లి ఎలా ఉందో బిడ్డా అచ్చం అలాగే వస్తుంది. కొత్త గుణం కావాలంటే పెళ్ళి చెయ్యాల్సిందే.

పెళ్ళికి ముందు వంశవృక్షం చూడాలిగా! బార్బర్ దేశమంతటి నాటు చెరుకులూ తెప్పించి నాటి, 1915 నుంచి వరసగా వాటి మీద గ్రంథాలు ప్రకటించాడు. కణుపు పొడవు, గెడ లావు, గెడ మీది బూడిద పూత, కన్ను ఆకారం, తొడుగు మీది నూగు, ఆకు మొదట్లోని నాలుకా, దాని పక్కన చెవులూ, భూమిలో పిలకలు చీలే తీరు, ఏదీ వదల్లేదు. పెళ్ళిచూపులకెళ్ళిన మేనత్త కూడా పిల్లని అంత పరీక్షగా చూడదు. అలా చూసి చూసి భారతదేశపు సన్నచెరుకుల్ని అయిదు కుటుంబాలుగా విడదీశాడు. సన్నచెరుకుల్లో ఒక జాతికి తర్వాతి రోజుల్లో ఆయన పేరే పెట్టారు. ఆ సన్నచెరుకులకీ రెల్లుకీ పోలికలు ఆయన కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. ఉత్తరాది చెరుకులు సన్నం, తీపి తక్కువ, మొండితనం ఎక్కువ. దక్షిణాది లావు చెరుకులు మెత్తన, తీపి, సుకుమారం. వాటి పుట్టిల్లు ఎక్కడో న్యూగినీ దీవి.

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలన్నారు పెద్దలు. ఆ మాట వినకుండా చేసిన పెళ్ళి ఒకటి చరిత్రలో నిలబడింది. వధువు 'వెళ్ళై' అనే లావుపాటి తెల్లచెరుకు. వరుడు కోయంబత్తూరు చుట్టుపక్కల దిక్కూమొక్కూ లేకుండా పెరిగే రెల్లు. పురోహితులు బార్బర్, ఆయన సహాయకుడు తిరువాడి సాంబశివ వెంకట్రామన్. పుట్టిన బిడ్డ పేరు కో. 205. 'కో' అంటే కోయంబత్తూరు. 1918లో పంజాబు రైతుల చేతికిస్తే, అక్కడి నాటు చెరుకు కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పండింది. చలికి వణకలేదు, నీరు నిలిస్తే కుళ్ళలేదు. అది తండ్రి పోలిక.

మన ఆడవాళ్ళు చెప్పుకోదగ్గ విశేషం ఒకటుంది ఇందులో. లావు చెరుకు కణంలో 80 క్రోమోజోములు, కోయంబత్తూరు రెల్లులో 64. మామూలు ధర్మం ప్రకారం తల్లి సగం, తండ్రి సగం ఇవ్వాలి. బిడ్డకి 40, 32 కలిపి 72 రావాలి. కానీ కో. 205లో లెక్కపెడితే 112 తేలాయి! తండ్రి తన సగం 32 ఇచ్చి ఊరుకున్నాడు. తల్లి సగం ఏమిటి, తనకున్న ఎనభైనీ ఊడ్చి బిడ్డ ఒళ్ళో పోసింది. జావాలో బ్రెమర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఈ జాతుల పెళ్ళిళ్ళలో ఇలా జరుగుతుందని కనిపెట్టాడు. కారణాలు ఏవైనా, ఈ సంగతి విన్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చిందంటే నమ్మండి.

అందుకే రెల్లుని నేను ఇల్లరికపుటల్లుడు అంటున్నాను. దాని బిడ్డల్ని మళ్ళీ మళ్ళీ లావు చెరుకు ఇంటికే ఇచ్చి చేశారు. తీపి పెరిగింది, గెడ లావెక్కింది, అల్లుడి వంశం అంతకంతకూ పల్చబడింది. ఇవాళ్టి చెరుకులో నూటికి పది నుంచి ఇరవై క్రోమోజోములు మాత్రమే రెల్లువి. కానీ కరువుకి తట్టుకునేదీ, తెగులుకి ఎదురు నిలిచేదీ, కొట్టేసిన మోడు నుంచి మళ్ళీ పిలకలేసి కార్శి పంట ఇచ్చేదీ చాలావరకు ఆ కాస్త భాగమే. ముచ్చెలు కొని నాటే ఖర్చు లేకుండా రెండో పంట ఇంటికొచ్చిందంటే, అది రైతుకి రెల్లు పెట్టిన భిక్ష.

వెంకట్రామన్ తర్వాత ఆ కేంద్రానికి అధిపతై, 1942లో సర్ బిరుదు అందుకున్నారు. 1933లో వచ్చిన ఆయన కో. 419 దక్షిణాదిని ఏలింది. 1932లో ప్రభుత్వం పంచదారకి రక్షణ చట్టం చేయడం, ఈ కొత్త చెరుకులు చేతికందడం కలిసివచ్చాయి. దేశం మొత్తం మీద ముప్ఫై దాకా ఉన్న ఫ్యాక్టరీలు కొద్ది ఏళ్ళలోనే వంద దాటాయి. జావా పంచదార కోసం ఓడరేవుల వైపు చూడటం మానేశాం.

ఆ కేంద్రంలోకి 1934లో ఒక స్త్రీ అడుగుపెట్టింది. ఎడవలత్ కక్కట్ జానకీ అమ్మాళ్. 1897లో తలస్సేరిలో పుట్టి, మద్రాసులో చదివి, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేటు పుచ్చుకుని వచ్చింది. పెళ్ళి వద్దనుకుంది. బార్బర్ ఆకులూ కాడలూ చూసి చెప్పిన చుట్టరికాన్ని ఈవిడ కణాల లోపలికెళ్ళి చదివింది. చెరుకుకి మొక్కజొన్నతో సంకరం చేసి 1938లో ప్రకటించింది. రెల్లు మీద ఆమె చేసిన పని మరీ ఇష్టం నాకు. ఎవరూ పట్టించుకోని ఆ గడ్డిని చోటుచోటునుంచీ తెప్పించి క్రోమోజోములు లెక్కపెట్టింది. ఒక్కో చోటిదానికి ఒక్కో లెక్క! తర్వాతివాళ్ళు ఆ వరస పూర్తిచేస్తే 40 నుంచి 128 దాకా తేలాయి. పైకి ఒకటే రెల్లు, లోపల ఎన్ని గోత్రాలో!

ఒంటరి స్త్రీ, పైగా అప్పట్లో తక్కువగా చూసిన తియ్య కులం. అక్కడి మగ సహోద్యోగుల మధ్య ఆవిడకి ఊపిరాడలేదని జీవితచరిత్రకారులు రాశారు. 1939లో ఎడింబరోలో జరిగిన జన్యుశాస్త్ర మహాసభకి వెళ్ళింది. యుద్ధం మొదలైంది. ఇంగ్లండులోనే ఉండిపోయి, బాంబులు పడుతున్న రోజుల్లో పని చేసుకుంటూ, 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల మహాగ్రంథం వెలువరించింది. 1951లో నెహ్రూ పిలుపు మీద తిరిగొచ్చింది. 1977లో పద్మశ్రీ ఇచ్చారు. 1984లో కన్నుమూసింది. కాఫీలో పంచదార కలుపుకునే మనలో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసు?

ఇక మన సంగతికొస్తే, తిరుపతి పక్కనే పెరుమాళ్ళపల్లెలో చెరుకు పరిశోధన కేంద్రం ఉంది. కోయంబత్తూరులో పూలు కలిపి విత్తనం కట్టిస్తారు, దేశంలోని కేంద్రాలు తెచ్చుకుని మొలిపించి తమ నేలకి పనికొచ్చేవి ఏరుకుంటాయి. ఇక్కడ ఏరినవాటికి 'కో.టి.' అని పేరు. టి అంటే తిరుపతి. పెళ్ళి అక్కడ, పురుడు ఇక్కడ! చిత్తూరు బెల్లం మండీకి వచ్చే అచ్చుల వెనక ఇంత కథ ఉంది. గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఈ ప్రాంతపు చెరుకు రైతుకి గానుగే పెద్ద దిక్కయింది. బోర్లు అడుగంటిన ఊళ్ళలో చాలామంది చెరుకు మానేసి మామిడి వేసుకున్నారు. వాళ్ళని తప్పుపట్టను. నీళ్ళు లేనిచోట తీపి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎర్రకుళ్ళు మాత్రం పోలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ళ తరబడి రాజ్యమేలిన కో. 0238 రకాన్ని ఈమధ్యనే అది కూలదోసింది. అటువంటప్పుడల్లా శాస్త్రజ్ఞులు మళ్ళీ అల్లుడి గడప తొక్కాల్సిందే. స్వాతంత్ర్యం వచ్చిన తొలిరోజుల్లోనే రెల్లు సేకరణకని ప్రత్యేకంగా యాత్రలు మొదలుపెట్టి, దేశమంతా తిరిగి దుబ్బులు తెచ్చారు. చెరుకు జాతుల సంపదలో పెద్ద భాగం ఇవాళ కన్నూరులోని కేంద్రంలో పెరుగుతోంది. జానకీ అమ్మాళ్ పుట్టిన తలస్సేరి ఉన్న జిల్లా అది. జన్యువుల పూర్తి పాఠం చదివే పనిలో కూడా 2018లో ముందు రెల్లు లెక్క తేల్చారు. సాగుచెరుకు వంతు 2024లో గాని రాలేదు.

స్వర్ణముఖిలో మాత్రం ఇసుకతో పాటు రెల్లు దుబ్బులూ లారీలకెక్కుతున్నాయి. "ఒక్కో ఏటి రెల్లుది ఒక్కో లెక్క కదత్తా, మన ఏటిది పోతే ఇంకోచోట దొరకదేమో!" అంది మా పిల్ల. ఈ దసరా సెలవుల్లో శ్రీకాళహస్తి దాకా ఏటివెంబడి తిరిగి ఆకులూ కాడలూ కోసుకొచ్చి పోల్చి చూస్తుందట. వాళ్ళమ్మ "పాములుంటాయే" అంటోంది. నేను బూట్లు కొనిస్తానన్నాను.

మీరు అంత దూరం పోనక్కర్లేదు. సంక్రాంతికి చెరుకు కొన్నప్పుడు అంగడివాడు సోగె నరికెయ్యబోతే ఒక్క గెడకి ఉంచమనండి. ఇంటికొచ్చి ఒక ఆకుని తొడుగుతో సహా మెల్లగా ఒలవండి. ఆకు వంగేచోట లోపలివైపు నాలుక కనబడుతుంది, పక్కన చెవులు. కణుపు మీద కన్ను. ఏటి ఒడ్డునుంచి ఒక రెల్లుకాడ కూడా తెప్పించుకోగలిగితే పక్కన పెట్టి చూడండి, పిల్లల్ని పిలవండి. ఆకు అంచుని మాత్రం మొదలు నుంచి చివరికి నిమరండి. రంపపు పళ్ళు చివరి వైపుకి వాలి ఉంటాయి, ఎదురు నిమిరితే రెండూ కోస్తాయి.